మేకుకు వేలాడిన డిజిటల్ సంతకం

స్ప్రెడ్‌షీట్ తెరిచిన ప్రతిసారీ పైభాగాన ప్రత్యక్షమై "మాక్రోలు నిలిపివేయబడినవి" అని హెచ్చరించే ఆ పసుపు పట్టీ మానవజాతికి లభించిన మహోపకారాల్లో ఒకటి. చక్రం, నిప్పు, సబ్బు, ఆ తరువాత పసుపు పట్టీ! నాలుగు రోడ్ల కూడలిలో దానికొక నిలువెత్తు విగ్రహం నెలకొల్పాలని నా ప్రతిపాదన. పట్టీ కనుక నిలువెత్తు కుదరదంటారా? అడ్డంగానైనా నెలకొల్పండి.

నవ్వుతున్నారా? నవ్వండి. మీలో ఎందరు ఆ పట్టీ మీది అక్షరాలను ఒక్కసారైనా పూర్తిగా చదివారు? చదవకుండానే పక్కనున్న బటన్ నొక్కి పనిలో పడినవారెందరు? చేతులెత్తనక్కర్లేదు. నాకు తెలుసు.

మాక్రో అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం రెండు మాటలు. పట్టికలో రోజూ మనం వేళ్ళు అరిగేలా చేసే యాభై పనులను వరుసగా రాసిపెట్టి, ఒక్క బటన్‌కు అప్పగించే ఆజ్ఞల చిట్టాయే మాక్రో. మంచివాడు రాస్తే అది మన పని చేసిపెడుతుంది. చెడ్డవాడు రాస్తే కంప్యూటర్‌లో ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. అందుకని పెద్దలు ఆలోచించి, దాన్ని పంపినవారు ఎవరో తేల్చే డిజిటల్ సంతకమనే ముద్రను కనిపెట్టారు. ముద్ర ఉంటే నడుస్తుంది. లేకుంటే పడుకుంటుంది. ఇందులో తప్పేముంది?

ఇంతటి సదుపాయాన్ని స్ప్రెడ్‌షీట్లకే ఎందుకు పరిమితం చేశారన్నదే నా అభ్యంతరం. పక్కింటి పిన్నిగారు మోసుకొచ్చే వార్తలకు సంతకం ఎక్కడ? మామగారి ఆరోగ్య సలహాలు "తెలియని ప్రచురణకర్త" నుంచి వచ్చినవి కావా? తోడికోడలు "నీ మంచి కోరే చెబుతున్నా" అని నోరు తెరవగానే ఆవిడ నుదుటి మీద ఒక పసుపు పట్టీ వెలిగి ఉంటే ఎన్ని కాపురాలు చల్లగా ఉండేవి!

ఇదంతా ఊహ అని కొట్టిపారేసేవారిని నేనొక బస్సు డిపోలోకి తీసుకువెళ్ళక తప్పదు. డిజిటల్ సంతకం ధర్మాన్ని ఎలా నిలబెట్టిందో అక్కడ చూడవచ్చు. కాస్త జాగ్రత్త, నేలంతా గ్రీజు.

ఆ డిపోలో నలభై రెండు బస్సులు, తొంభై మంది డ్రైవర్లు. ప్రతి సోమవారం ఉదయం గోడ మీద ఒక చార్టు వెలుస్తుంది. ఆ వారం ఎవరు ఏ బస్సును ఏ రూటులో నడపాలో అందులో ఉంటుంది. రూట్లన్నింటిలో స్వర్గం సరస్సు రూటు: నున్నటి రోడ్డు, రెండు వైపులా చెట్లు, కొత్త బస్సు, చిల్లర చేతిలో సిద్ధంగా పట్టుకుని ఎక్కే ప్రయాణికులు. నరకం క్వారీ రూటు. అక్కడ గుంతల మధ్య అక్కడక్కడ రోడ్డు ఉంటుంది. ఆ రూటుకు కట్టిపడేసిన బండి తొమ్మిదో నంబరు బస్సు. దాని డ్రైవరు సీటు కింద స్ప్రింగు విరిగి ఎంతకాలమైందో గ్యారేజీ వారే మరిచిపోయారు. అందులో కూర్చున్నవాడికి దారిలోని ప్రతి గులకరాయితోనూ వ్యక్తిగత పరిచయం ఏర్పడుతుంది.

చార్టు వేసే గుమాస్తాను డిపో అంతా చార్టక్క అంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని అదే. చేత్తో చార్టు వేసిన రోజుల్లో ఆమె భుజం మీదుగా వంగి చూడని మేనేజరు లేడు, ఆమె బల్ల ముందు నిలబడి నసగని డ్రైవరు లేడు. నాలుగేళ్ళ కిందట, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం ముందు పెట్టుకుని, ఆమె తానే ఒక మాక్రో రాసింది. దాని ధర్మం ఒక్కటే. క్వారీ రూటు తొక్కి ఎవరికి ఎక్కువ కాలమైందో ఈసారి వారి వంతు. ఈమధ్యే తొక్కినవారికి ఊరట. ఎవరి ముఖమూ చూడదు, ఎవరి నమస్కారమూ అందుకోదు.

"అక్కా, నా సంగతి కాస్త చూడక్కా" అని ఎవరైనా వస్తే ఆమె కుర్చీ తిప్పి కంప్యూటర్ చూపించేది. "నేనెవర్ని తమ్ముడూ? దాన్ని అడుగు."

నాలుగేళ్ళు ఆ డిపోలో కక్షలు లేవు, బతిమాలుకోవడాలు లేవు. ఇంతటి అరాచకాన్ని పైవారు ఎంతకాలం సహిస్తారు?

హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ఇకపై డిజిటల్ సంతకం లేని ఏ మాక్రో కూడా ఏ కంప్యూటర్‌లోనూ నడవరాదు. అంతవరకూ పక్కనే ఉండి మనలను ఆదుకున్న "అనుమతించు" బటన్ కూడా మాయమైంది. పసుపు పట్టీ మాత్రం మిగిలింది. మాక్రోకు సంతకం దొరికేదాకా, తాత్కాలికంగా, మేనేజరు స్వహస్తాలతో చార్టు వేస్తారని కింద ఒక వాక్యం.

తాత్కాలికం అన్న మాటకు ఎంత ఆయుష్షుందో మీకు నేను చెప్పాలా?

మేనేజరుకు ఒక బావమరిది ఉన్నాడు. అదే డిపోలో డ్రైవరు. మొదటి సోమవారం అతనికి సరస్సు రూటు వచ్చింది. రెండో సోమవారమూ వచ్చింది. మూడో సోమవారం నుంచి అందరూ అతని పేరు వెదకడం మానేశారు. మరి తొమ్మిదో బస్సు ఎవరికో ఒకరికి రావాలి కదా? నోరు విప్పి అడిగే అలవాటు లేని ఒక డ్రైవరుకు వచ్చింది. వచ్చి, అతనికే ఉండిపోయింది. తోటివారు అతని పేరు మార్చేసి స్ప్రింగు అని పిలవడం మొదలుపెట్టారు. అతను దానికీ పలికేవాడు.

నాలుగో సోమవారం దాటాక స్ప్రింగు భార్య చార్టక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, మీకు చెప్పొద్దన్నాడు, అయినా చెబుతున్నా. పొద్దున చెప్పులు నేనే తొడుగుతున్నానక్కా. వంగలేకపోతున్నాడు."

"డాక్టరు దగ్గరికి వెళ్ళాడా?"

"అదే కదక్కా భయం. ఇంకో రెండు నెలల్లో ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. పోయినసారే ఆ డాక్టరు చెప్పేశాడు, మళ్ళీ ఈ నడుముతో వస్తే స్టీరింగు పట్టనివ్వను, బస్సులు కడిగే షెడ్డుకి రాసేస్తానని. పంతొమ్మిదేళ్ళు బండి నడిపిన మనిషి. పైపు పట్టుకుని నిలబడతాడా అక్కా?"

చార్టక్క ఫోన్ పెట్టేసి, మాక్రోకు సంతకం సంపాదించే పనికి బయలుదేరింది. పాఠకులు ఇక్కడినుంచి శ్రద్ధగా గమనించాలి. భద్రత అంటే ఏమిటో మెట్టుమెట్టుకూ తెలుస్తుంది.

మొదటి మెట్టులో ఆమె తన కంప్యూటర్‌లోనే ఒక సర్టిఫికెట్ తయారుచేసుకుని తన మాక్రో మీద తానే సంతకం చేసింది. ఆమె గదిలో మాక్రో చక్కగా నడిచింది. కాని ఆ ఫైలు కంట్రోలు గదిలో, గ్యారేజీలో, గేటు దగ్గర కూడా తెరుచుకోవాలి. మూడు చోట్లా ఒకే తీర్పు వచ్చింది: తెలియని ప్రచురణకర్త. గేటు కాపలాదారు తెర మీదికి వంగి కూడబలుక్కుని చదివాడు.

"అక్కా, మీరెవరో దీనికి తెలీదంటోంది."

"నీకు తెలుసా?"

"ఇరవై రెండేళ్ళ నుంచి రోజూ నమస్తే పెడుతున్నా, నాకు తెలీదా? కానీ నా మాట ఇది వినదు కదక్కా."

ఎంత నిష్పాక్షికమైన యంత్రం! ఇరవై రెండేళ్ళ పరిచయాన్ని లంచంగా ఇవ్వజూపినా లొంగలేదు.

రెండో మెట్టు హెడ్డాఫీసు మూడో అంతస్తులో ఉంది. అక్కడ కంప్యూటర్ల భద్రత చూసే అధికారి ఒకాయన ఉంటాడు. డ్రైవర్లు ఆయనకు పెట్టిన పేరు గొళ్ళెం. ఆయన భోజనం డబ్బాకు తాళం ఉంటుంది. బల్ల మీది కలానికి గొలుసు ఉంటుంది. కీబోర్డు మీద చేతులు పెట్టేముందు ఒక తువ్వాలు కప్పుకుంటాడు, ఆయన ఏ అక్షరం నొక్కుతున్నాడో ఆయనకు కూడా కనబడకుండా.

"మాక్రో ఎవరు రాశారు?" అన్నాడు గొళ్ళెం.

"నేనే."

"మీరెవరు?"

"చార్టు గుమాస్తాను. ఇరవై రెండేళ్ళుగా."

"అది మీరు చెబుతున్నారు."

"మరి ఎవరు చెప్పాలి?"

"మీరు మీరేనని మూడోవారు చెప్పాలండీ. ఆ మూడోవారిని మేము నమ్మాలి."

"మీరు ఎవర్ని నమ్ముతారో చెప్పండి, తీసుకొస్తాను."

గొళ్ళెం తన కలం గొలుసును ఒకసారి లాగి చూసుకున్నాడు. "ఎవర్నీ నమ్మకూడదన్నదే మా పాలసీ అండీ."

ఆ తరువాత ఆమె ఒక ఫారం నింపింది. మాక్రో ఎందుకు పుట్టింది, ఎక్కడ నివసిస్తుంది, గతంలో ఏదైనా నేరం చేసిందా, భవిష్యత్తులో చేసే ఉద్దేశం ఉందా? అన్నిటికీ ఓపికగా జవాబు రాసింది. చివరికి తేలినదేమంటే, గుమాస్తా హోదాకు డిజిటల్ సంతకం ఇవ్వరు. మేనేజరు హోదాకే ఇస్తారు. పెన్‌డ్రైవ్ లాంటి ఒక చిన్న టోకెన్, దానికొక రహస్య పిన్ నంబరు, రెండూ మేనేజరు పేరు మీదే వస్తాయి.

"మీ మేనేజరుగారు సంతకం చేస్తే మీ మాక్రో నడుస్తుంది. సింపుల్!" అన్నాడు గొళ్ళెం.

ఇందులోని వివేకాన్ని గమనించారా? రాసిన మనిషికి లోపల ఏముందో తెలుసు కనుక ఆమె పక్షపాతి. మేనేజరుకు ఏమీ తెలియదు కనుక ఆయన సంతకమే స్వచ్ఛం.

మరో రెండు సోమవారాలు గడిచాక టోకెన్ వచ్చింది, కవరులో కవరు, అందులో ఇంకో కవరు. మూడూ చింపిన మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంతో ఏం చేస్తారు?"

"మాక్రోను తెరుస్తారండీ" అంది చార్టక్క.

తెరిచేది ఏదైనా డిపోలో దాన్ని తాళమనే అంటారు. తాళమన్నది తాళాల గదిలో, బోర్డు మీద, మేకుకు వేలాడాలి. ఆ డిపో పుట్టినప్పటి నుంచీ అదే పద్ధతి. ఆ గదికి అధిపతి తాళాల బాబాయి. ఎదురుగా గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది: "రిజిస్టరులో రాయనివారికి తాళం ఇవ్వబడదు. రాసినవారికి ఇవ్వబడును." బస్సులు నలభై రెండు కనుక బాబాయి నలభై మూడో మేకు కొట్టి, టోకెన్‌కు ఒక రేకు బిళ్ళ కట్టాడు. బిళ్ళ మీద, కవరులో వచ్చిన పిన్ నంబరును స్పష్టంగా, పెద్ద అంకెల్లో చెక్కాడు. నంబరు లేని తాళం పోతుందని ఆయన ముప్ఫయ్యేళ్ళ అనుభవం.

సంతకం ఎలా చేయాలో మేనేజరుకు తెలియదు. బావమరిది ఎప్పుడో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేశాడు.

"నీకెందుకు బావా, నేను చూసుకుంటా" అని మేకు మీది టోకెన్ తీసుకువెళ్ళాడు.

చూసుకున్నాడు.

మాక్రో నాలుగు కంప్యూటర్లలోనూ నడిచింది! పసుపు పట్టీ లేదు, హెచ్చరిక లేదు. కంట్రోలు గదిలో చప్పట్లు కొట్టారు. గేటు కాపలాదారు తెరకు దండం పెట్టాడు. సోమవారం చార్టు గోడెక్కింది. బావమరిదికి సరస్సు. స్ప్రింగుకు క్వారీ.

కాకతాళీయం కావచ్చుననుకుంది చార్టక్క. పాత లెక్కల ప్రకారం అలా రాకూడదే అనుకుంటూనే ఒక వారం ఆగింది. రెండో సోమవారం కూడా బావమరిదికి సరస్సు, స్ప్రింగుకు క్వారీ. ఆ రోజు స్ప్రింగు బస్సు మెట్లను ముందుకు కాకుండా వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగడం ఆమె కిటికీలోంచి చూసింది.

చార్టక్క గది తలుపు వేసుకుని మాక్రో లోపలికి వెళ్ళింది. ఆమె రాసినవి మూడు వందల పదకొండు వరుసలు. ఇప్పుడు మూడు వందల పద్దెనిమిది ఉన్నాయి. తన వంటింట్లో ఎవరో దూరి డబ్బాలు సర్దిపోతే ఇల్లాలికి తెలియదా? ఆ ఏడు వరుసలూ వెంటనే కనిపించాయి. లెక్క ఏమి చెప్పినా సరే, బావమరిది పేరు సరస్సు రూటులోకి, స్ప్రింగు పేరు తొమ్మిదో బస్సులోకి వెళ్ళాలి. ఏడు వరుసల సారాంశం అంతే. ఆమె ఫైలుకు ఒక నకలు తీసి, ఆ నకలులో వాటిని చెరిపి భద్రపరిచింది. చెరపగానే మేనేజరు సంతకం రాలిపోయింది, పసుపు పట్టీ తిరిగి వచ్చింది, మాక్రో ఆగిపోయింది.

అన్యాయాన్ని ఒక్క అక్షరం తాకినా కంప్యూటర్ ఊరుకోదన్నమాట. ఇంతకన్నా గట్టి భద్రత మీరెక్కడైనా చూశారా?

ఆమె గొళ్ళేనికి ఫోన్ చేసింది.

"సంతకం చెల్లుతోందా?" అన్నాడాయన.

"చెల్లుతోంది."

"మాక్రో నడుస్తోందా?"

"నడుస్తోంది. కానీ లోపల అన్యాయం ఉందండీ."

"దాని వల్ల వైరస్ వస్తుందా?"

"రాదు."

"ఫైళ్ళు చెరిగిపోతాయా?"

"పోవు. ఒక మనిషి నడుం పోతుంది."

"నడుం మా పరిధిలోకి రాదండీ" అని గొళ్ళెం మర్యాదగా ఫోన్ పెట్టేశాడు.

ఆమె మేనేజరు గదికి వెళ్ళింది.

"సార్, మీరు సంతకం చేసిన మాక్రోను చదివారా?"

"చదవడమెందుకమ్మా? సంతకం ఉందిగా."

"ఎవరి సంతకం?"

"నాదే."

"మీదే అయితే లోపల ఏముందో మీకు తెలియాలి కదా సార్?"

"బాగుంది! సంతకం పెట్టినవాడికి అన్నీ తెలియాలంటే ప్రపంచంలో ఏ ఆఫీసూ నడవదమ్మా" అన్నాడు మేనేజరు. ఆయన స్వరంలో కోపం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఫిట్‌నెస్ పరీక్షకు మిగిలినవి మూడు వారాలు. శనివారం ఉదయం పది దాటాక చార్టక్క తాళాల గదికి వెళ్ళి, రిజిస్టరు తన వైపుకు తిప్పుకుని రాసింది. తేదీ. సమయం పది గంటల పది నిమిషాలు. తాళం నంబరు నలభై మూడు. తీసుకున్నవారు: చార్టు గుమాస్తా. కారణం: డ్యూటీ చార్టు. కింద సంతకం చేసి కలం మూత పెట్టింది.

తాళాల బాబాయి కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఇది బస్సు తాళం కాదు కదమ్మా."

"మేకుకు ఉన్నదంతా తాళమేనని అన్నది మీరే కదా బాబాయ్?"

"అన్నాను."

"రిజిస్టరులో రాశానా?"

"రాశావు. ముత్యాల్లా రాశావు."

"మరి బావమరిదిగారు తీసుకున్నప్పుడు రాశారా?"

బాబాయి పేజీలు వెనక్కి తిప్పాడు. ముందుకు తిప్పాడు. "ఆయన రాయలేదమ్మా" అన్నాడు నెమ్మదిగా. తరువాత గోడ మీది ఎర్ర అక్షరాల వైపు, నలభై మూడో మేకు వైపు చూశాడు. ఒక నియమం ముప్ఫయ్యేళ్ళు కాపాడిన మనిషి ముఖంలో సిగ్గు కనిపించింది. టోకెన్ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "పదిన్నరకల్లా మేకుకు రావాలి. ఒక్క నిమిషం దాటినా ఎర్ర సిరాతో రాస్తా, నా మనిషివని కూడా చూడను."

ఇది తప్పు కాదా అని కొందరు పాఠకులు కనుబొమలు ఎగరేస్తారు. వారికి నా ప్రశ్న ఇది. ఆ డిపోలో ఆ టోకెన్‌ను తేదీ వేసి, సమయం వేసి, కారణం రాసి, పట్టపగలు తీసుకున్న ఏకైక వ్యక్తి ఎవరు? దొంగతనాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రిజిస్టరులో నమోదు చేసే దొంగను మీరెప్పుడైనా చూశారా?

పది గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు టోకెన్ మేకుకు తిరిగి వచ్చింది. మాక్రోలో వరుసలు మూడు వందల పదకొండు. పైన మేనేజరు డిజిటల్ సంతకం నిగనిగలాడుతూ ఉంది.

సోమవారం చార్టు ముందు జనం గుమిగూడారు. సరస్సు రూటు: స్ప్రింగు. క్వారీ రూటు, తొమ్మిదో నంబరు బస్సు: మేనేజరు బావమరిది. మాక్రో ఎవరి మీదా పగ పట్టలేదు సుమా. పాత రికార్డులు చూసుకుని, క్వారీ రూటు తొక్కి ఎక్కువ కాలమైంది ఎవరికో, తొక్కీ తొక్కీ అలసింది ఎవరో కూడిక తీసివేతలతో తేల్చింది.

"పేరు సరిగ్గా చూడండర్రా, ఇంకెవరిదైనా అయ్యుంటుంది" అంటూ బావమరిది జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు. చూశాడు.

"బావా!" అన్న కేక గ్యారేజీ దాకా వినిపించింది.

మేనేజరు అందరి ముందే గొళ్ళేనికి ఫోన్ చేశాడు. స్పీకరులో మోగే కంట్రోలు గది ఫోన్ కనుక గొళ్ళెం మాటలు కూడా అందరికీ వినిపించాయి.

"ఇది నా సంతకం కాదయ్యా!"

"మీదే సార్. ఇప్పుడే చూశాను, చెల్లుతోంది."

"నేను చేయలేదంటుంటే!"

"డిజిటల్ సంతకం గొప్పతనమే అది సార్. చేసినవారు చేయలేదని అనలేరు."

"అంటున్నానుగా!"

"అయితే మీ టోకెన్ ఇంకొకరు వాడారని రాసివ్వండి సార్. పిన్ నంబరు వాళ్ళకెలా తెలిసిందో కూడా రాయండి. కమిటీ వేస్తాం. ఆ టోకెన్‌తో మొదటి నుంచీ ఎవరెవరు ఎప్పుడు సంతకాలు చేశారో అన్నీ బయటికి తీస్తాం."

మేనేజరు పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. ఆయన చూపు తెరిచి ఉన్న తాళాల గది వైపు వెళ్ళింది. అక్కడ మేకు మీద, అంత పెద్ద అంకెల పిన్ నంబరుతో, రేకు బిళ్ళ ఎండకు మెరుస్తోంది. తాళాల బాబాయి రిజిస్టరును రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, ఎవరైనా అడిగితే ఇద్దామన్నట్టు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"సంతకం నాదే" అన్నాడు మేనేజరు ఫోన్‌లో. "బాగా ఆలోచించే చేశాను."

"బావా!" అన్నాడు బావమరిది రెండోసారి. ఈసారి గ్యారేజీ దాకా వినిపించలేదు.

సోమవారం సాయంత్రం బావమరిది తొమ్మిదో బస్సులోంచి ఎండ్రకాయలా పక్కకు నడుస్తూ దిగాడు. మంగళవారం గ్యారేజీ బెంచీ మీద బోర్లా పడుకుని, అక్కడున్న మెకానిక్కులను ఒక్కొక్కరినీ పేరుపేరునా తలుచుకున్నాడు. బుధవారం మధ్యాహ్నానికి సీటు కింద కొత్త స్ప్రింగు అమరింది. ఆ సీటు మీద డ్రైవర్లు రాసిచ్చిన ఫిర్యాదు కాగితాలు పద్నాలుగు. స్ప్రింగు దొరకడం లేదని పద్నాలుగింటికీ ఒకటే జవాబు. సరైన నడుము తగిలేసరికి రెండు రోజుల్లో దొరికింది!

నెల తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి మేనేజరుకు ప్రశంసాపత్రం వచ్చింది. బంధుప్రీతికి అతీతంగా, సొంత బావమరిదిని సైతం కష్టమైన రూటుకు పంపి, భద్రమైన మాక్రో ద్వారా నిష్పాక్షికతను నెలకొల్పినందుకు. ఆయన దాన్ని చట్రం కట్టించి బల్ల వెనక తగిలించుకున్నాడు. ఇప్పుడు ఆ ఏడు వరుసలను మళ్ళీ చేర్చాలంటే ఆయన తన ప్రశంసాపత్రం కింద కూర్చుని, తన సంతకాన్ని తానే చెరుపుకోవాలి. ఎవరు చేస్తారు? కనుక మాక్రో భద్రంగా ఉంది. ఒక్క అక్షరం కూడా ఎవరూ ముట్టుకోలేదు.

చూశారా, నేను విగ్రహం అడిగింది ఊరికే కాదు! డిజిటల్ సంతకం ధర్మాన్ని కాపాడి తీరుతుంది. ధర్మం చేయాల్సిందల్లా ఒక్కటే. తన పేరు తీసేసుకుని, తనంటే గిట్టనివాడి పేరు పెట్టుకోవాలి.

ఫిట్‌నెస్ పరీక్ష రోజున డాక్టరు స్ప్రింగును చొక్కా విప్పించి నిలబెట్టి, వెన్నెముక పొడుగునా బొటనవేలితో నొక్కుతూ వచ్చాడు.

"ఇక్కడ?"

"లేదండీ."

"ఇక్కడ?"

"కొంచెమండీ."

"కిందటిసారి కంటే చాలా నయమయ్యా. ఏం చేశావు?"

"రూటు మారిందండీ."

"ఎవరు మార్చారు?"

"మా మేనేజరుగారండీ. సంతకం కూడా ఉంది."

"అలాంటి ఆఫీసరు ప్రతి డిపోకూ ఒకడుండాలయ్యా" అంటూ డాక్టరు కలం తీసి కాగితం ముందుకు లాక్కున్నాడు.

నవ్వితే నడుము ఇంకా పట్టేస్తుంది. డాక్టరు "ఫిట్" అన్న ఆ చిన్న మాట రాయడం పూర్తిచేసి, తేదీ వేసి, కాగితం చింపి ఇచ్చేదాకా, అతను పళ్ళు బిగబట్టి, ఎదురుగా గోడ మీదున్న వెన్నెముక బొమ్మలో ఎముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు.